అబ్బా కంపెనీ వాటా

వన్ టౌన్, విశాఖపట్నం
11 ఆగస్టు 2025

ఫాయిజా బేటీకి,

చిచ్చా దువా. ఫోనుండగా ఈ ముసలాడు ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఏళ్ళ తరబడి లాంచీ ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులివి. ఫోన్‌లో నువ్వేం చెప్పినా నేను "ఆ, ఆ" అంటాను, పక్కనే కూర్చుని షానవాజ్ తల పట్టుకుంటాడు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా మనిద్దరికీ రాయడం వచ్చింది తెలుగే, మునిసిపల్ స్కూలు పుణ్యమా అని. కాబట్టి కాగితం మీద మాట్లాడుకుందాం.

పని మీదే రాస్తున్నాను. 'సఫీనా' లాంచీ కొన్నప్పుడు బ్యాంకులో తీసుకున్న అప్పును ఈ ఏడాది పొడిగించాలి. కొత్తగా వచ్చిన మేనేజరమ్మది నీ ఈడే. మన కాగితాలు తిరగేసి, "మీ లాంచీ కంపెనీ నుంచి మీ అబ్బాయి తాళ్ళ కంపెనీకి, అక్కడి నుంచి మీ వదినగారి రంగుల కంపెనీకి నెల నెలా డబ్బు వెళ్తోంది. ఒకే ఇంటి కంపెనీల మధ్య ఇంత డబ్బు ఎందుకు తిరుగుతోందో రాసివ్వండి" అంది. 

ఇందులో రాయడానికేముంది చెప్పు. సముద్రంలో లంగరేసిన ఓడలకు మనుషుల్నీ సరుకునూ చేరవేసేది నా లాంచీలు. ఓడలకూ పడవలకూ తాళ్ళు అమ్మేది నా కొడుకు షానవాజ్. ఓడలకు రంగులు అమ్మే కంపెనీ మా అన్న, మీ అబ్బా, పెట్టింది, ఆయన పోయాక మీ అమ్మీ పేరు మీదుంది. ఒక ఇంటివాళ్ళు ఒకరి దగ్గర ఒకరు కొనుక్కోకపోతే ఇంకెవరి దగ్గర కొంటారు? ఇదే నాలుగు ముక్కలు మంచి ఇంగ్లీషులో ఒక పేజీ రాసి పంపు. నువ్వు హైదరాబాద్‌లో చేసే ఉద్యోగం ఇలాంటిదే కదా. మరీ లోతుకు పోకు, పైపైన చాలు.

లాంచీ నడిపే మన సరంగు కన్నబాబు నిన్న దాన్ని కడుగుతూ, "ఏటి బావా, ఫాయిజమ్మ రాత్తే బ్యాంకోలు ఇంకేటి మాటాడరు కదా. పన్లో పని మా జీతాల సంగతి కూడా ఓ ముక్క రాసీమను" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు. రెండు నెలలుగా వాడికీ మిగతా వాళ్ళకూ జీతాలు సగం సగమే ఇస్తున్నాను, అందుకని నాకు నవ్వు రాలేదు.

మీ అమ్మీ కులాసా. నీకు పంపడానికి ఉసిరికాయ పచ్చడి పెడుతోంది.

నీ చెవిటి చిచ్చా,
మొహియుద్దీన్


హైదరాబాద్
20 ఆగస్టు 2025

చిచ్చాకు ఫాయిజా సలాములు.

మీ ఉత్తరం మా ఆఫీసులో పెద్ద వింత అయిపోయింది. పోస్టులో చేతిరాత ఉత్తరం వచ్చిందని అందరూ ముట్టుకుని చూశారు.

పేజీ రాస్తాను చిచ్చా. కానీ పైపైన రాస్తే ఆ మేనేజరమ్మ ఒప్పుకోదు. ఆమె కుర్చీలో నేనున్నా ఒప్పుకోను. ఎందుకో మీకు తెలిసిన కథతోనే చెప్తాను. నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి బక్రీదు గుర్తుందా? అమ్మీ కుర్బానీ మాంసం వాటాలు, హిస్సాలు వేసి, నీలం పూల గిన్నెలో మేనత్త ఫుప్పూ ఇంటికి పంపింది. తన ఫ్రిజ్‌లో చోటు లేక ఫుప్పూ ఆ గిన్నెను మీ ఇంటికి పంపింది. మీరు మూతైనా తీయకుండా వెనక వీధి ఖాలాకు పంపారు. సాయంత్రానికి ఖాలా దాన్ని మా ఇంటికే పంపింది. అబ్బా గిన్నెను గుర్తుపట్టి కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ రోజు నాలుగిళ్ళవాళ్ళూ హిస్సా వచ్చిందనే చెప్పారు, అందులో ఎవరిదీ అబద్ధం కాదు. కానీ మాంసం మాత్రం ఒక్క గిన్నెడే.

బంధువుల కంపెనీల మధ్య డబ్బు తిరిగితే బ్యాంకుకు ఉండే భయం ఇదే. ఒకే డబ్బు మూడు కంపెనీల్లో రాబడిగా కనిపిస్తుంది, చూసేవాళ్ళకు మూడూ బాగున్నాయనిపిస్తుంది. అందుకే మేం మొదట అడిగేది, డబ్బు వెళ్ళిన దారిలో సరుకు కూడా ఎదురొచ్చిందా అని. అది అప్పయితే తిరిగొచ్చే అప్పా, రాని అప్పా అని తరవాత అడుగుతాం. వీటిలో ఏ కంపెనీ బయటివాళ్ళ దగ్గర సొంతంగా సంపాదిస్తోంది, ఏది దాని మీద బతుకుతోంది అన్నది అన్నిటికంటే ముఖ్యం. సంపాదించే కంపెనీ పడిపోతే మిగతావన్నీ దాని వెనకే పడతాయి.

నాకు బెంగ అమ్మీ గురించే. కంపెనీ లెక్కలు రాసే రమణమూర్తిగారు మద్దిలపాలెం నుంచి కాగితాలు తెస్తే ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టేస్తుంది. రేపు ఏదైనా తేడా వస్తే ఆమెనే అడుగుతారు. కాబట్టి మూడు కంపెనీల బ్యాంకు కాగితాలూ నాకు పంపండి. ఏడాదిలో ఎంత తాడు కొన్నారో కూడా రాయండి.

మీ ఆడిటరమ్మ,
ఫాయిజా


వన్ టౌన్
2 సెప్టెంబరు 2025

బేటీ ఫాయిజాకు దీవెనలు.

గిన్నె కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. నీకిది గుర్తుందని మీ అబ్బాకు తెలిస్తే ఎంత సంబరపడేవాడో. కానీ ఒక మాట. ఆ బక్రీదు నాడు గిన్నె తిరిగి తిరిగి మీ ఇంటికొచ్చింది, ఎందుకంటే నాలుగిళ్ళలోనూ కుర్బానీ ఉంది. కుర్బానీ లేని ఇల్లు మధ్యలో తగిలితే గిన్నె అక్కడ ఆగిపోతుంది. అది కూడా చూడాలి కదా.

ఉప్పునీళ్ళకూ ఎండకూ తాడు ఎంతకాలం నిలుస్తుంది చెప్పు? కొంటూనే ఉండాలి. ఎంత కొన్నామో నేను కొలవలేదు. నా కంపెనీవీ షానవాజ్‌వీ కాగితాలు పంపుతున్నాను. మీ అమ్మీ కంపెనీవి రమణమూర్తి దగ్గరున్నాయి. ఆయన ఆఫీసు మారుతున్నాడట, ఏ మూటలో ఉన్నాయో దొరకలేదంటున్నాడు. వాటిలో చూడాల్సిందేమీ లేదులే.

షానవాజ్ ఇప్పుడు పొద్దుటిపూట రేవులో ఒక షిప్పింగ్ ఆఫీసులో పనికి వెళ్తున్నాడు. మధ్యాహ్నం నుంచి తాళ్ళ దుకాణం తీస్తున్నాడు. కుర్రాడికి ఊరికే కూర్చోవడం ఇష్టం ఉండదు.

మొన్న కన్నబాబు కోనాం చేప తెచ్చాడు. సగం మీ అమ్మీకి పంపాను. "మా ఇంట్లో చేపకు కొదవా" అంటూనే తీసుకుని, గిన్నె ఖాళీగా పంపకూడదని ఖుబానీ మీఠా పెట్టి పంపింది. ఆమె సంగతి నీకు తెలుసు. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోదు.

ఆ పేజీ త్వరగా పంపు తల్లీ. నెలాఖరు లోపల ఇవ్వాలట.

చిచ్చా


హైదరాబాద్
14 సెప్టెంబరు 2025

మొహియుద్దీన్ చిచ్చాకు,

కోపంలో ఉత్తరం రాయకూడదని అబ్బా చెప్పేవాడు. రెండు రోజులు ఆగి చూశాను, కోపం తగ్గలేదు.

మీ కాగితాలు చూశాను. మూడింట్లో బయట నుంచి గట్టిగా డబ్బు తెస్తున్నది మీ లాంచీలు ఒక్కటే. ఓడల కంపెనీలు మీకు డబ్బు కట్టిన వారంలోనే అందులో పెద్ద ముక్క 'తాళ్ళ కొనుగోలు' అని షానవాజ్ భాయ్‌కి వెళ్తోంది. ఏడాదిలో మీరు కొన్నామన్న తాడుతో యారాడ కొండను చుట్టి కట్టేయొచ్చు. ఉన్నవి రెండు లాంచీలు. భాయ్ కంపెనీకి వేరే కొనుగోలుదార్లు లేనే లేరు. మా అమ్మీ కంపెనీ దగ్గర రంగులు కొంటున్నాడు, ఆ డబ్బు కూడా మీరిచ్చిందే. ఈ మొత్తంలో నిజాయితీగా కనిపించేది అబ్బా కంపెనీ ఒక్కటే. సరుకు అమ్ముతోంది, డబ్బు తీసుకుంటోంది, అమ్మీకి నెల నెలా వాటా ఇస్తోంది. అందులోంచే నా చదువు పూర్తయింది. అలాంటి కంపెనీని మీ అబ్బాయి ముసుగుగా వాడుకుంటున్నాడు. తన దుకాణంలో ఏదో జరుగుతోందని చూపించుకోవడానికి మా రంగులు కొంటున్నాడు.

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, తాడు ఎంత కొన్నారని అడిగితే మీరు ఉప్పునీళ్ళ గురించి రాశారు. కన్నబాబుకు సగం జీతం, మీ కొడుక్కి మాత్రం నెల నెలా పూర్తి డబ్బు. నాకు సిగ్గేసింది చిచ్చా. మిమ్మల్ని అబ్బా తరవాత అబ్బా అనుకున్నాను.

బ్యాంకుకు పేజీ రాశాను. ఉన్నది ఉన్నట్టే రాశాను. తాళ్ళ కొనుగోలు అవసరానికి మించి ఉందనీ, ఆ డబ్బు బంధువు కంపెనీకి మళ్ళిందనీ రాసి మేనేజరమ్మకు నేరుగా పంపాను. మీకు ఇస్తే మార్చేస్తారని భయపడ్డాను. ఈ నెల నుంచి ఆ చెల్లింపులు ఆపేస్తేనే మీ అప్పు సంగతి ఎవరైనా ఆలోచిస్తారు. ఆపండి.

ఫాయిజా


వన్ టౌన్
5 అక్టోబరు 2025

ఫాయిజాకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే ఆపేశాను.

బ్యాంకువాళ్ళు అప్పు పొడిగించలేదు. ఉన్నదంతా డిసెంబరులోపు కట్టాలన్నారు, లేదంటే 'సఫీనా'ను తీసుకుంటారు. మేనేజరమ్మ మర్యాదగానే చెప్పింది. నీ పేజీ చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకుంది కూడా. 

మొన్న మీ అమ్మీ తాళ్ళ దుకాణానికి వచ్చింది. ఈ నెల రంగులు ఎందుకు కొనలేదని షానవాజ్‌ను వీధిలోవాళ్ళందరూ వినేట్టు అడిగింది. "మీ పెద్దబ్బా పెట్టిన కంపెనీ అది, దానికి రావలసిన బేరం ఎవరికి మళ్ళించావు" అంది. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆమె ఇంట్లో ఇద్దరు ట్యూషన్ పిల్లలకు ఖురాన్ చెప్పడం మొదలుపెట్టిందని తరవాత తెలిసింది. 

వాయుగుండం ఉంది, నాలుగు రోజులుగా లాంచీలు కదల్లేదు. నువ్వు తప్పు రాశావని అనను. అంత మాత్రం తెలుసుకో.

మొహియుద్దీన్


విశాఖపట్నం రైల్వేస్టేషన్
26 అక్టోబరు 2025

చిచ్చా,

మీరు లాంచీ మీద ఉండగా వచ్చాను, మీరు ఒడ్డుకు రాకముందే వెళ్ళిపోతున్నాను. మీ ముఖం చూసే ధైర్యం లేక ఇక్కడ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. దీన్ని భాయ్ మీకిస్తాడు.

మీ అప్పుకు ఏదైనా దారి చూడాలని వచ్చాను. అబ్బా కంపెనీలో ఉన్న సరుకు బ్యాంకుకు చూపించి, అమ్మీ చేత హామీ ఇప్పిద్దామనుకున్నాను. మీ కొడుకు మీద కోపం ఉన్నా మీ లాంచీ పోకూడదని. రమణమూర్తిగారి దగ్గరకెళ్ళి అబ్బా కంపెనీ రంగులు కొన్న బిల్లులు అడిగాను. ఆయన, "కొన్న బిల్లులేటమ్మా... నాను సెప్పలేను, షానవాజ్‌ని అడుగు" అని లేచి వెళ్ళి ఫ్యాను స్పీడు పెంచారు. అప్పటికే ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

అబ్బా కంపెనీ అమ్ముతోంది కానీ ఏదీ కొనడం లేదు. ఇంకెక్కడైనా ఇలాంటి కంపెనీని కాగితం తిప్పకముందే పట్టుకునేదాన్ని. మా అబ్బాది కాబట్టి, అందులో తప్పుండదనుకుని చూడనేలేదు.

భాయ్ దగ్గర తాళం ఉంది. అబ్బా రంగుల దుకాణం తెరిపించాను. డబ్బాల మూతలు తుప్పుపట్టి అతుక్కుపోయాయి. లోపల రంగు రాయిలా గడ్డకట్టింది. సరుకు గాజువాక గోడౌన్ నుంచి నేరుగా ఓడలకు పోతోందనీ, అందుకే దుకాణం తీయడం లేదనీ అమ్మీ ఇన్నాళ్ళూ నాకు చెప్పేది. ఆమెకు మీరు చెప్పారు. ఆ గోడౌన్ ఎక్కడా లేదు.

నేను ఏడ్చేసరికి భాయ్ చెప్పాడు. "ఏటి సెప్పమంటావు ఫాయిజా? మా అబ్బా నా సేత ఒట్టేయించుకున్నాడు. నా దుకాణంలో బేరం ఎప్పుడో పోయింది. పెద్దమ్మకి డబ్బు ఎల్లాలంటే మద్దెలో ఒక పేరుండాలి కదా, ఆ పేరు నాది. నువ్వు నన్ను దొంగన్నావని అబ్బా సెప్పలేదు, బ్యాంకులో ఇన్నాను." 

అమ్మీ వాటా మీ లాంచీలది. నా ఫీజులు మీ లాంచీలవి. నేను బ్యాంకుకు రాసిన పేజీలో ప్రతి అంకె సరైనదే, ప్రతి మాటా తప్పు.

దీన్ని సరిచేయొచ్చు చిచ్చా. మేనేజరమ్మతో మాట్లాడాను. డబ్బు ఎక్కడికి వెళ్ళిందో రంగుల కంపెనీ తరఫున అమ్మీ ఒప్పుకుని సంతకం పెడితే, ఇక ముందు వెళ్ళదని రాసిస్తే, అప్పు మళ్ళీ పరిశీలిస్తామంది. అమ్మీకి నేను చెప్తాను. మీరు సరే అనండి చాలు. లాంచీ నిలబడుతుంది.

మీ ఫాయిజా


వన్ టౌన్
12 నవంబరు 2025

నా బంగారు ఫాయిజాకు,

చెప్పకు. మీ అమ్మీకి చెప్పొద్దు.

భాయిజాన్ పోయాక నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ పూర్తయిన వారానికి కవర్లో డబ్బు పెట్టి షానవాజ్ చేత భాభీకి పంపాను. కవరు విప్పకుండానే తిరిగొచ్చింది. "జకాత్ దానం పుచ్చుకునే స్థితికి మేమింకా రాలేదని మీ అబ్బాకు చెప్పు. మీ పెద్దబ్బా పెట్టిన కంపెనీ ఉంది, అదే మాకు తిండి పెడుతుంది" అందట. ఆ కంపెనీలో అప్పటికి మిగిలింది అప్పులవాళ్ళు మాత్రమే. భాయిజాన్ ఇంట్లో ఆ మాట చెప్పలేదు. ఆయన చెప్పని మాట నేనెలా చెప్పను?

తరవాతి నెల అదే డబ్బు రంగులు అమ్మినట్టు రాయించి పంపాను. భాభీ తీసుకుంది. ఆయన చేతి కష్టం ఇంకా ఇంటికొస్తోందని దువా చేసి ఏడ్చిందట. ఒక్క నెల అనుకున్నది అలా సాగిపోయింది. నా కంపెనీ నుంచి నేరుగా వెళ్తే కనిపెట్టేస్తుందని షానవాజ్ పేరు మధ్యలో పెట్టాను. కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదంటారు. నేను రెండు చేతులు చాలక మూడు కంపెనీలు పెట్టాను.

ఒక్కటి మాత్రం నువ్వన్నది నిజం. కన్నబాబుకు సగం జీతం పెట్టి ఈ పని చేశాను. అది దానం కాదు, వాడి కష్టం. దానికి నేనే జవాబు చెప్పుకోవాలి.

'సఫీనా'ను కాకినాడవాళ్ళకు అమ్మేశాను. బ్యాంకు అప్పు తీరింది, జీతాల బాకీ మొత్తం తీర్చేశాను. కన్నబాబు కొత్త ఓనరు దగ్గరకు వెళ్తున్నాడు. వెళ్ళేముందు, "ఒగ్గీ బావా, ఇది ఇంజనే, మనిసి కాదు కదా" అన్నాడు, అని వాడే కళ్ళు తుడుచుకున్నాడు. తాళ్ళ డబ్బంతా నా ఇంటి ఖర్చుకు వాడుకున్నానని బ్యాంకుకు రాసిచ్చాను. ఇకమీదట నాకు అప్పు పుట్టదన్నారు. ఈ వయసులో నాకు అప్పు ఎందుకు? రాసింది అబద్ధం కూడా కాదు. భాభీ ఇల్లు నా ఇల్లు కాదా?

చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దు. జరిగింది జరిగింది. ఒక్కటే అడుగుతున్నాను. మిగిలిన 'నూర్' లాంచీతో ఇద్దరు మనుషుల జీతాలు ఇవ్వగలను, అంతే. ఇక అబ్బా కంపెనీకి డబ్బు నువ్వే పంపాలి. నీ జీతమని చెప్తే ఆమె ముట్టుకోదని నీకూ తెలుసు. నువ్వు పంపిందంతా నీ పేరునే బ్యాంకులో వేసి కూర్చుంది. ఏ పేరు పెట్టి పంపుతావో నీ చదువుకే వదిలేస్తున్నాను.

ఎప్పటికీ నీ చిచ్చా


హైదరాబాద్
9 జనవరి 2026

చిచ్చాజాన్‌కు మీ ఫాయిజా సలాములు.

మీ దగ్గు తగ్గిందని భాయ్ చెప్పాడు. చలిలో లాంచీ మీదకు వెళ్ళకండి.

మీరు చెప్పినట్టే చేశాను. అలా చేయకూడదని రెండు వారాలు నాతో నేను పోట్లాడాను. బంధువుల కంపెనీల మధ్య సరుకు లేకుండా తిరిగే డబ్బును పట్టుకోవడం నా ఉద్యోగం. నెలకు ఇద్దరు ముగ్గురికి అప్పు రాకుండా చేస్తున్నాను. ఇప్పుడు వాళ్ళ కాగితాల మీద నా సంతకం పెట్టేటప్పుడు చేయి ఆగుతోంది. డిసెంబరు మొదట్లో నా జీతంలోంచి భాయ్ కంపెనీకి డబ్బు పంపాను, భాయ్ అందులోంచి రంగులు కొన్నాడు. ఈ నెల కూడా కొన్నాడు. పన్ను కూడా కట్టేశాను, లేని రంగులకు.

అమ్మీ నిన్న ఫోన్ చేసింది. గొంతులో ఎంత హుషారో. వాటా మళ్ళీ వస్తోందట, భాయ్ వచ్చి క్షమాపణ చెప్పాడట, తను కూడా వీధిలో అన్న మాటలకు బాధపడుతున్నానని అతని తల నిమిరిందట. తరవాత గొంతు తగ్గించింది.

"ఫాయిజా, మీ చిచ్చా సంగతి చూశావా? పాపం, వ్యాపారం చేతకాక లాంచీ అమ్ముకున్నాడు. మీ అబ్బా కంపెనీకున్న గట్టిదనం అందరికీ ఉండదు కదా. మనకు వచ్చేదాంట్లోంచి నెల నెలా కొంత ఆయనకు పంపాలి. చేతికిస్తే తీసుకోడు, అభిమానం గల మనిషి. ఆయన దగ్గర మన కంపెనీ ఏదో కొన్నట్టు రాసి, ఆయనకు అనుమానం రాకుండా పంపే దారి నీకు తెలిసే ఉంటుంది. నువ్వు చదివింది అదే కదా. ఆయనకు మాత్రం ఎప్పటికీ తెలియకూడదు, నా మీద ఒట్టు."



నేను సరే అన్నాను చిచ్చా. వచ్చే నెల మొదటి వారంలో అబ్బా కంపెనీ నుంచి మీకు డబ్బు వస్తుంది. లాంచీ అద్దె అని ఉంటుంది. తీసుకోండి. దయచేసి వెనక్కి పంపకండి.

మీ కూతురు,
ఫాయిజా